కోట గుమ్మాన ఒక్క తల (మన సీమ – మన చరిత్ర, 7వ భాగం)



ఏప్రిల్ 14కు వారం ముందు నందికొట్కూరు హాస్టల్ పిల్లలు ఇద్దరు నా దగ్గరికొచ్చారు. ఫోన్‌లో ఫ్లెక్సీ డిజైన్ చూపించారు. నడుమ బాబాసాహెబ్. ఒక పక్క పూలే, సావిత్రిబాయి. ఇంకో పక్క జాషువా, దామోదరం సంజీవయ్య. కింద మూలన ఒక గడి ఖాళీ.

"అన్నా, ఈడ రేనాటి దళిత వీరుడు అని మనోడి బొమ్మ ఒగటి ఏద్దామనుకున్యాం. నరసింహారెడ్డి కాడ మనోళ్లు గూడ ఉండింటారు గదా. పేరు జెప్పు సాలు, బొమ్మ మేం జూసుకుంటాం" అన్నాడు ఒకడు.

లేని పేరు నేను చెప్పలేను నాయనా అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. రెండోవాడు ఊరుకోలేదు. "అంటే మనోళ్లంతా పిరికోళ్లేనా అన్నా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడికి ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది వాడి కోసమే.

ముందు రేనాడు సంగతి చూద్దాం. సైరా సినిమా 2019లో వచ్చినాక ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎవరో చెప్పాల్సిన పని లేదు. కాకపోతే సినిమాలో గుర్రాలెక్కువ, భూమి తక్కువ. అసలు గొడవ భూమిది.

1800లో నిజాం నవాబు బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలాలు అంటారు వాటిని. మన నందికొట్కూరు అప్పట్లో కర్నూలు నవాబు కింద ఉండేది. 1839లో గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడని చెప్పి, ఆయన్ను దించి, కంపెనీ దీన్ని కూడా కలిపేసుకుంది. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురుగా ఎనభై మంది దాకా పాలెగాళ్లు. మన్రో కొందరిని కొట్టాడు, కొందరికి పింఛను పడేసి కోటలు ఖాళీ చేయించాడు. నరసింహారెడ్డి అట్లాంటి పింఛను కుటుంబం వాడే. ఆయన చేతికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర అని చెబుతారు.

పాలెగాడికి పింఛనన్నా ఇచ్చారు. పాలెగాడి కింద బతికిన కట్టుబడి వాళ్ల మాటేమిటి?

కట్టుబడి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. కోటకు, ఊరికి, దారికి కాపలా కాసే బంట్రోతులు. వాళ్లకు జీతం రూపాయల్లో కాదు, భూమిలో. ఇంత మాన్యం దున్నుకో, పిలిచినప్పుడు కత్తి పట్టుకుని రా. కంపెనీ పోలీసు వచ్చాక వీళ్ల కాపలాతో పని లేకుండా పోయింది. పని లేనప్పుడు మాన్యం ఎందుకని లెక్క మొదలైంది. అనుభవించేవాడు చనిపోతే ఆ భూమి సర్కారుది. తాత కాపలా కాసిన చేను మనవడి చేతికి రాలేదు. 1846లో కోయిలకుంట్ల, నొస్సం, గుడ్లదుర్తి వైపు ఇట్లా భూములు పోయినవాళ్లు నరసింహారెడ్డి ఇంటి ముందు చేరారు. తిరుగుబాటుకు ముఖం ఆయన, కడుపుమంట వాళ్లది.

ఆ ఏడు జూలైలో కోయిలకుంట్ల ఖజానా కొట్టారు. మిట్టపల్లి దగ్గర పోలీసు అధికారులను చంపారు. రుద్రవరం మీద పడ్డారు. బలం పెరిగి ఐదు వేలయింది. ఈ ఐదు వేల మంది రెడ్లు కారు. రకరకాల కులాల రైతులు, కట్టుబడి బంట్లు. ఆయన పక్కన కుడి భుజంగా నిలిచింది వడ్డె ఓబన్న. రాళ్లు కొట్టే, బావులు తవ్వే కులం. కంపెనీ పటాలం చుట్టుముట్టినప్పుడు ఒక్క పోరులోనే రెండు వందల మంది దాకా చచ్చిపోయారు. మిగిలినవాళ్లు నల్లమలలో చొరబడ్డారు. అక్కడా చుట్టుముట్టారు. ఇంకో నలభై యాభై మంది చనిపోయారు, తొంభై మంది దాకా పట్టుబడ్డారు. ఆ పట్టుబడ్డవాళ్లలో నరసింహారెడ్డి ఉన్నాడు.

తర్వాత లెక్కలు వచ్చాయి. కంపెనీ వాడికి లెక్కలంటే ప్రాణం. దాదాపు వెయ్యి మంది మీద వారెంట్లు. 412 మందిని నేరం మోపకుండానే వదిలేశారు. 273 మందికి జామీను. 112 మందికి శిక్ష. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కడప కలెక్టరు కాక్రేన్ ఎదుటే నరసింహారెడ్డిని ఉరి తీశారు. తల కోసి కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లు, అది అక్కడే ఉంది.

మీరు ఒక్కసారి ఆ గుమ్మం కింద నిలబడండి. పైన ఒక తల ఉంది. మరి ఆ రెండు వందల మంది తలలు ఎక్కడ? 112 మంది పేర్లు మీలో ఎంతమందికి నోటికి వస్తాయి? సీమలో జనం కట్టుకున్న పాట నరసింహారెడ్డిది. తంగిరాల వెంకట సుబ్బారావు గారు పూనుకుని 'రేనాటి సూర్యచంద్రులు' రాస్తే, ఆ సూర్యచంద్రులు నరసింహారెడ్డి, బుడ్డా వెంగళరెడ్డి. ఒకరు తిరగబడ్డవాడు, ఒకరు కరువులో గంజి పోసినవాడు. ఇద్దరినీ నేను తక్కువ చేయను. చావుకు ఎదురు పోవడం చిన్న సంగతి కాదు, ఆకలిగొన్నవాళ్ల కోసం గాదె తలుపు తెరవడం అంతకన్నా కాదు. కానీ సూర్యచంద్రులకు పేర్లుంటాయి, చుక్కలకు ఉండవు. వడ్డె ఓబన్న పేరు ఇన్నాళ్లకు బయటికొచ్చింది. జనవరి 11న ప్రభుత్వమే ఆయన జయంతి చేస్తోంది. అది ప్రభుత్వం దయ కాదు. వడ్డెర సంఘాలు ఏళ్ల తరబడి అడిగి తెచ్చుకున్నాయి.

ఆ కుర్రవాడి కోరికలో తప్పేం లేదు. ఓబన్న దొరికాడు కదా, మనకూ ఒకడు దొరకాలి. కాని వాట్సాప్‌లో తిరుగుతున్న పోస్టర్లు చూస్తే భయమేస్తోంది. ఎవరిదో మీసాల బొమ్మ, చేతిలో కత్తి, కింద 'ఫలానా మాదిగ వీరుడు', 'ఫలానా మాల సేనాని'. ఎక్కడిది అంటే చెప్పేవాడు లేడు. మన మీద అబద్ధాలు రాసి పురాణాలు అన్నారని మూడు తరాలుగా పోట్లాడుతున్నాం. ఇప్పుడు మనమే పురాణం రాస్తే ఇంక పోట్లాటెందుకు?

పైగా ఇంకో చిక్కు ఉంది. కత్తి పట్టినవాడే వీరుడు అనే కొలబద్ద ఎవరిది? కత్తి పట్టే హక్కు ఉన్నవాడిది. ఊరి చివర వెట్టి చేసేవాడికి, తోటి పని చేసేవాడికి భూమి లేదు, కత్తి లేదు, గుర్రం అసలే లేదు. ఆ కొలబద్దతో కొలిస్తే మనం ఎప్పుడూ తక్కువే తూగుతాం.

మన సాహిత్యంలో కత్తి పట్టిన దళితుడు అసలు లేడా అంటే ఉన్నాడు. పల్నాటి కన్నమదాసు. పన్నెండో శతాబ్దపు కథ, పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడి పేరు మీద ద్విపదలోకి ఎక్కింది. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు, కన్నమదాసును కొడుకులా చూశాడు, సేనను చేతిలో పెట్టాడు. తెలుగు కథలో ఇట్లాంటి స్థానం దళితుడికి ఇంకెక్కడా కనిపించదు. చాపకూడు చిన్న విషయం కాదు. ఇప్పటికీ మన సీమ పల్లెల్లో పెళ్లి భోజనాల దగ్గర మన వరస వేరే ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒకే చాప మీద కూర్చోబెట్టారంటే, కథగానైనా సరే, ఆ ఊహకు దండం పెట్టాలి.

అయినా రెండు సంగతులు చూడండి. ఒకటి, సేనాధిపతి అయినా ఆయన 'మాల కన్నమదాసే'. మిగతా వీరులకు ఊరో వంశమో ముందుంటే ఈయనకు కులం ముందుంది. రెండు, ఆయన పౌరుషమంతా బ్రహ్మనాయుడి కోసం. తన వాడకు కావలసిందేదో అడుగుతూ కన్నమదాసు కత్తి దూసిన ఘట్టం జనం నోట లేదు. విశ్వాసం ఉన్నంతవరకూ దళితుడి ధైర్యాన్ని కథ మెచ్చుకుంటుంది.

ఇంకొక మాట. ఈ పల్నాటి కథను తరతరాలుగా మోసింది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడొచ్చి ఆ పాటను ఒక మాల గాయకుడి నోట విని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా వేశాడు. కారెంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక అమావాస్యకు ఇప్పటికీ ఉత్సవం జరుగుతుంది. వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. అరవై ఆరుగురు వీరుల కథ నోటికి పట్టుకుని, ఒక్క మాట జారకుండా రాత్రుళ్లు రాత్రుళ్లు పాడిన వాళ్లను వీరుల జాబితాలో ఎవరూ కలపలేదు. నాకైతే ఆ పాడినవాడి గొంతు కూడా ఒక ఆయుధమే అనిపిస్తుంది. సరే, అది నా పిచ్చి.

అదే పల్నాడు వైపు వినుకొండలో 1895లో గుర్రం జాషువా పుట్టాడు. ఆయన చేసిన పని చూడండి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మబ్బుతో కబురు పంపుతాడు. జాషువా 1941లో గబ్బిలం రాశాడు. అందులో కబురు పంపేది దక్షిణాన ఉన్న ఒక పేద దళితుడు. పంపేది కాశీలోని శివుడికి. తీసుకెళ్లేది గబ్బిలం, ఎందుకంటే గుడిలోకి అతను పోలేడు, గబ్బిలం పోగలదు. ఆ కావ్యనాయకుడి చేతిలో కత్తి లేదు, ఇంట్లో బువ్వ కూడా లేదు. ఉన్నది అడిగే నోరు. కావ్యానికి ధీరోదాత్తుడే నాయకుడని లక్షణ గ్రంథాలు చెప్పుకునే చోట ఒక ఆకలిగొన్నవాడిని నాయకుడిగా నిలబెట్టడం, అదీ పండితులు తమ సొత్తు అనుకునే పద్యంలోనే నిలబెట్టడం, నా లెక్కలో కోయిలకుంట్ల ఖజానా కొట్టినంత పని.

ఇక మన పిల్లలందరికీ తెలిసిన కోరేగావ్. 1818 జనవరి 1. పీష్వా సైన్యంతో కంపెనీ పటాలం పోరాడింది. అక్కడి స్తంభం మీద చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు 49 చెక్కారు. వాటిలో 22 పేర్ల చివర 'నాక్' ఉంటుంది. అవి మహర్ల పేర్లు. ఎందుకు పేర్లు మిగిలాయి? కంపెనీ హాజరు పట్టీలో ఉన్నాయి కాబట్టి, గెలిచినవాడు రాయి నాటాడు కాబట్టి. రేనాడులో ఓడిపోయారు. ఓడినవాళ్లకు రాయి ఎవడు నాటుతాడు? అదే కంపెనీ ఒకచోట మనవాళ్ల పేర్లు రాతి మీద చెక్కింది, ముప్పై ఏళ్ల తర్వాత ఇంకోచోట తల కోసి గుమ్మానికి కట్టింది. కాబట్టి కోరేగావ్ గురించి మాట్లాడేటప్పుడు కంపెనీకి జై కొట్టినట్టు మాట్లాడకండి. బాబాసాహెబ్ అక్కడికి పోయింది కంపెనీ కోసం కాదు.

ఆయన 1927 జనవరి 1న ఆ స్తంభం దగ్గరికి వెళ్లారు. మూడు నెలలు తిరక్కుండానే, మార్చి 20న, మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి ఎంతమంది చదువుతున్నారో నాకు తెలియదు. నేను మాత్రం ప్రతి క్లాసులో పెట్టి చెప్తాను. జనవరిలో కత్తి పట్టిన తాతలను తలచుకున్నారు. మార్చిలో కత్తి లేకుండా దోసిలి పట్టారు. ఆ దోసిలి నీళ్లకు జనం దెబ్బలు తిన్నారు. తిరిగి కొట్టేంత మంది ఉండి కూడా బాబాసాహెబ్ కొట్టనివ్వలేదు. కొట్టకుండా ఆపడం కొట్టడం కన్నా కష్టం. సీమలో పెరిగిన మనకు ఇది ఇంకా బాగా అర్థం కావాలి.

సీమ అంటే గుర్తొచ్చింది. మనకు పౌరుషం పాఠం చెప్పింది 1999 నుంచి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు. తొడ కొడితే బండి ఆగాలి, సుమోలు గాల్లో లేవాలి. నందికొట్కూరు టాకీసులో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోను. నిజం ఫ్యాక్షన్‌లో బాంబుల సంచి మోసింది ఎవరు? నాయకుడి బండి ముందు నడిచి ముందు పడిపోయింది ఎవరు? బోయలు, మాలలు, మాదిగలు, భూమి లేని బీసీలు. నాయకుడు పోతే కూడలిలో విగ్రహం లేస్తుంది. అనుచరుడు పోతే భార్యకు కోర్టు వాయిదాలు, పిల్లోడికి పగ. దాన్ని కూడా విశ్వాసం అంటారు. కన్నమదాసు దగ్గర మొదలైన మాటే. ఇప్పుడు 2009 నుంచి నందికొట్కూరు ఎస్సీ నియోజకవర్గం అయింది. సీటు మనది. టికెట్టు ఎవరి జేబులోంచి వస్తుందో ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు.

కాబట్టి ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు కోసం నేను కోట గుమ్మం దగ్గర్నుంచి నీళ్ల దగ్గరికి నడుస్తాను.

కారంచేడు, 1985 జూలై 16. దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర ఇద్దరు అగ్రకుల యువకులు గేదెల కుడితి బకెట్టు కడుగుతున్నారు. అది తాగే నీళ్లలో పడుతోంది. ఒక మాదిగ యువకుడు ఇదేం పని అన్నాడు. వాళ్లు కొట్టబోయారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డం వచ్చింది. ఆమె మీదికీ చెయ్యి లేచింది. ఆమె చేతిలో బిందె ఉంది. ఆ బిందె పైకెత్తింది.

అంతే జరిగింది. తెల్లారి, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బిందె ఎత్తినందుకు పల్లెను తగలెయ్యాలన్నంత కోపం ఎందుకొచ్చిందో ఆలోచించండి. కత్తికి కత్తి ఎదురైతే వాళ్లకు అలవాటే. బిందె ఎదురవుతుందని వాళ్లు వెయ్యేళ్లలో అనుకోలేదు.

జనం ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. బొజ్జా తారకం హైకోర్టులో తనకున్న ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చారు. కత్తి పద్మారావు, ఇంకా ఎందరో కలిసి ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పెట్టారు. ఈ రోజు మనం మీటింగు పెట్టి జై భీమ్ అంటున్నామంటే దాని వెనుక ఆ బిందె ఉంది. కేసు నడుస్తుండగానే దుడ్డు అలీసమ్మ అనే ముసలి తల్లిని చంపేశారు. ఆమె కళ్లారా చూసిన సాక్షి. చంపుతారని తెలిసి కూడా చూసింది చూసినట్టు చెప్తానని నిలబడింది. సుప్రీంకోర్టు చివరి మాట 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్లు.

చుండూరు, 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితులను చంపి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో వేశారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జూలైలో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పదహారేళ్లు అదే ఊళ్లో, అదే వీధిలో, తమవాళ్లను చంపిన మనుషుల ఎదురుగా నడిచి వెళ్లి బోనెక్కిన కూలి ఆడవాళ్లను తలచుకోండి. కూలికి పిలిచేది కూడా వాళ్లే అయిన ఊళ్లో. నరసింహారెడ్డి చుట్టూ ఐదు వేల మంది ఉన్నారు. బోనులో ఆమె చుట్టూ ఎవరూ లేరు, ఎదుటి లాయరు తప్ప.

దూరం పోనక్కర్లేదు. మన పక్క పాములపాడు మండలం వెంపెంటలో 1998 జూలైలో జరిగిన ఊచకోత మన ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుంది. దాని గురించి ఒక భాగం విడిగా రాస్తాను, రెండు పేరాల్లో ముగించే విషయం కాదు. అప్పటి వాళ్లు ఇంకా బతికే ఉన్నారు. హాస్టల్ పిల్లలకు నేను చెప్పింది కూడా అదే. పాత కోటల్లో మన వీరుడిని వెతికే ముందు ఒక ఆదివారం నోటుపుస్తకం, ఫోను పట్టుకుని మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఊరబావి దగ్గర ఎవరు ముందు చేద వేశారు, హోటల్లో రెండు గ్లాసులు ఎవరు పగలగొట్టారు, బడిలో పిల్లోడిని వెనుక కూర్చోబెడితే ఎవరు పోయి అడిగారు, రాసుకోండి. ఊరు, తేదీ, పేరు రాయండి. ఇంటి పేరుతో సహా రాయండి. కంపెనీ వాడు రాసుకున్నట్టే రాయండి, లెక్క తప్పకుండా.

ఫ్లెక్సీ సంగతి అడుగుతారేమో. పిల్లలు ఆ ఖాళీ గడిలో బిందె బొమ్మ వేశారు. సువార్తమ్మ ఫోటో పెట్టలేదు, బిందె చాలన్నారు. కింద పేరు రాయమని షాపులో చెప్పి వచ్చారట. తీరా ప్రింటయి వచ్చాక చూస్తే 'సువర్ణమ్మ' అని పడింది. మళ్లీ ప్రింటు తీయాలంటే డబ్బుల్లేవు. తెల్ల కాగితం మీద సరిగ్గా రాసి గమ్ముతో అంటించారు. పదమూడో తేదీ రాత్రి గాలికి అది ఊడిపోతే, ఆ రెండోవాడే నిచ్చెన తెచ్చుకుని ఎక్కి మళ్లీ అంటించాడు.

వచ్చే భాగం: కేసీ కాలువ తవ్విన చేతులు.

జై భీమ్.